అమ్మ బొత్తాల డబ్బాలో దొరికిన మూత

కారు ఏ.సి. గురించి ఈ పేజీలలో రాయడమేమిటని మీలో కొందరు అనుకోవచ్చు. ఒకప్పుడు కారు కలవారి సొత్తు, అందులో చల్లగాలి మరీ విలాసం. ఈనాడు మన పల్లెల్లో కూడా నలుగురికీ ఆసరాగా ఒక పాత కారు ఉంటోంది. రోగులను, బాలింతలను ఆస్పత్రికి చేర్చేది అదే. మా ఇంట్లో జరిగిన సంగతి ఎవరికైనా పనికివస్తుందేమోనని రాస్తున్నాను. ఇందులో నా తప్పు కూడా ఉంది. దాన్ని దాచకుండానే చెబుతాను.

మాది పల్నాడులో రెంటచింతల వైపు ఒక పల్లె. అక్కడి ఎండలు ఎలాంటివో తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. నేను బడిపంతులుగా పనిచేసి విరమించినవాణ్ణి. 2005 నాటి చిన్న కారు ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కున్నాను. 2024 జనవరిలో మా అమ్మకు డయాలసిస్ మొదలైంది. అప్పటికి ఆమెకు 78 ఏళ్లు. వారానికి రెండుసార్లు పట్నానికి తీసుకువెళ్లాలి. పోను రెండు గంటలు, రాను రెండు గంటలు.

ఆ కారు ఏ.సి. అంతకు ముందు ఏడాది నుంచే మాకు పరీక్ష పెడుతూ ఉంది. 2023 మార్చిలో చల్లదనం తగ్గింది. ఊరి బయట ఒక పెద్ద షాపులో చూపిస్తే, "గ్యాస్ అయిపోయింది" అని 1,800 రూపాయలు తీసుకుని నింపారు. ఆగస్టు వరకు బాగానే ఉంది. 2024 మార్చిలో మళ్లీ నింపించాను. ఏప్రిల్ నెలాఖరుకే పోయింది. బండి పరుగెత్తేటప్పుడు కాస్త చల్లగా వచ్చేది, గేటు దగ్గర ఆగితే వేడిగాలి. కంప్రెసర్ టక్కుమని పట్టుకోవడం, టక్కుమని వదిలేయడం, మళ్లీ పట్టుకోవడం. కొన్నాళ్లకు ఆ చప్పుడు కూడా ఆగిపోయింది.

పెట్రోలు అయిపోయినట్టే గ్యాస్ కూడా అయిపోతుందని నేను నమ్మాను. బడిలో నా దగ్గర చదువుకున్న ఒక అబ్బాయి పట్నంలో ఏ.సి. మెకానిక్ షాపు పెట్టుకున్నాడు. ఈసారి అతని దగ్గరికి వెళ్లాను. అతను నా మాట విని నవ్వాడు. "సార్, గ్యాస్ అయిపోయేది కాదు, పోయేది. ఫ్రిజ్‌లో మాదిరే గొట్టాల్లో తిరుగుతూ ఉంటుందే గాని ఖర్చు కాదు. తగ్గిందంటే ఎక్కడో దారి చేసుకున్నట్టే. బండి రెండు రోజులు నా దగ్గర ఉంచండి, వెతుకుతాను" అన్నాడు.

రెండు రోజులు ఎక్కడివి? ఎల్లుండే అమ్మను తీసుకువెళ్లాలి. "అదంతా తరువాత చూద్దాం, ముందు గ్యాస్ పట్టించు" అన్నాను. అతను అరగంట వ్యాక్యూమ్ పెట్టి చూశాడు. గేజీ ముల్లు కదలలేదు. సరేనని నింపి పంపాడు.

మే నెల చివరి వారంలో, డయాలసిస్ అయి తిరిగి వస్తుండగా మళ్లీ వేడిగాలి మొదలైంది. అద్దాలు దించితే పొయ్యి ముందు కూర్చున్నట్టుంది. డయాలసిస్ రోగి తాగే నీళ్లు కూడా లెక్క ప్రకారం తాగాలి గనుక, దప్పిక అన్నా గుక్కెడుకు మించి ఇవ్వడానికి లేదు. దారిలో అమ్మ తల వాల్చేసింది. పిలిస్తే పలకలేదు. ఒక వేపచెట్టు కింద ఆపి, తడిగుడ్డతో ముఖం, మెడ తుడిస్తే చాలాసేపటికి కళ్లు తెరిచింది. ఇంటికి వచ్చాక నా చెయ్యి పట్టుకుని, "నాయనా, ఇక నేను రాను. ఆ సూదులైనా ఓర్చుకుంటాను గాని ఆ దారి నా వల్ల కాదు. నన్ను ఇక్కడే ఉండనీయి" అన్నది. డయాలసిస్ మానడమంటే ఏమిటో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

మర్నాడు ఆ దుఃఖమంతా కోపంగా మార్చుకుని పట్నానికి వెళ్లాను. షాపులో నలుగురు గిరాకీలు కూర్చుని ఉండగానే, "నీకు చదువు చెప్పినందుకు బాగానే రుణం తీర్చుకున్నావు. నువ్వూ ఆ షాపు వాళ్లలాంటివాడివే" అని అనరాని మాట అన్నాను. అతని ముఖం చిన్నబోయింది. ఎదురు చెప్పలేదు. "బండి ఉంచండి సార్. మామ్మగారిని తీసుకెళ్లడానికి నా బండి తీసుకెళ్లండి" అని తన కారు తాళం చేతిలో పెట్టాడు.

ఇక అతను చేసిన పని చెబుతాను. మిగిలి ఉన్న కాస్త గ్యాసును గాలిలోకి వదలకుండా, పక్క షాపు నుంచి యంత్రం తెచ్చి సిలిండరులోకి లాగాడు. ఆ గ్యాస్ పేరు ఆర్-134ఏ. పూర్వం కార్లలో వాడిన ఆర్-12 ఓజోన్ పొరను దెబ్బతీస్తుందని 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం తరువాత దాన్ని మాన్పించి దీన్ని తెచ్చారు. ఇది ఓజోన్‌కు హాని చేయదు గాని భూమిని వేడెక్కిస్తుంది. నూరేళ్ల లెక్కన ఒక కిలో ఆర్-134ఏ సుమారు 1,430 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానం. 2016లో కిగాలీలో కుదిరిన సవరణ ఇలాంటి గ్యాసులను తగ్గించడానికే. నా కారు లోంచి ఏటేటా ఎంత పోయిందో తలచుకుంటే సిగ్గేసింది.

తరువాత గొట్టాల్లోకి నైట్రోజన్ ఎక్కించి, 150 పౌండ్ల ఒత్తిడి దగ్గర గేజీని అలాగే వదిలేశాడు. రాత్రి చల్లబడితే ముల్లు కొంచెం దిగుతుందనీ, అది చూసి లీకని మోసపోకూడదనీ, మర్నాడు అదే వేళకు, అదే ఎండలో చూడాలనీ చెప్పాడు. మర్నాడు అదే వేళకు చూస్తే ముల్లు ఉన్నచోటే ఉంది! కంప్రెసర్ ముందు భాగం, కండెన్సర్, గొట్టాల అతుకులు అన్నింటికీ సబ్బు నీళ్లు పూశాడు. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కూడా తిరుగుతుంది గనుక, లీకు ఉన్నచోట జిడ్డు పట్టి దుమ్ము అంటుకుంటుందట. అదీ ఎక్కడా లేదు. పక్కనున్న పెద్ద మెకానిక్ వచ్చి, "లోపల కూలింగ్ కాయిల్ పోయుంటుంది. డ్యాష్‌బోర్డు అంతా విప్పాలి. 12,000 అవుతుంది" అన్నాడు. అమ్మ కోసం సరే అనబోయాను.

ఆ అబ్బాయి మాత్రం గేజీ వైపే చూస్తూ నిలబడ్డాడు. "సార్, మనం గేజీ తగిలించినంతసేపూ లీకు లేదు. తీసేశాకే పోతోంది. అంటే గేజీ తగిలించే చోటే లీకేమో!" అన్నాడు. గ్యాస్ ఎక్కించే ఆ మొన లోపల, సైకిల్ ట్యూబుకు ఉన్నట్టే ఒక చిన్న వాల్వు పిన్ను ఉంటుంది. గొట్టం తగిలిస్తే పిన్ను లోపలికి నొక్కుకుంటుంది, గొట్టం మూతిలోని రబ్బరు చుట్టూ బిగుసుకుంటుంది. కనుక పరీక్ష చేసినంతసేపూ ఆ లీకును మన గొట్టమే మూసి ఉంచుతుంది. వ్యాక్యూమ్ నిలబడిందంటే కారణం అదే.

గొట్టం తీసి ఆ మొనలో సబ్బు నీటి చుక్క వేశాడు. ఇద్దరం వంగి చూస్తున్నాం. అర నిమిషం దాకా ఏమీ లేదు. ఆపైన మెల్లగా, ఆవగింజంత బుడగ లేచింది. పెరిగి పెసరగింజంత అయ్యి పగిలింది. మళ్లీ ఇంకొకటి.

ఆ మొన మీద ఉండవలసిన నల్లని మూత లేదు. "దీని లోపల రబ్బరు ఉంటుంది సార్. పిన్ను కొంచెం కారినా ఇది పట్టి ఉంచుతుంది, దుమ్ము పోనివ్వదు. మూత లేకపోతే దుమ్ము చేరుతుంది. గ్యాస్ ఎక్కించిన ప్రతిసారీ ఆ దుమ్ము లోపలికి నొక్కుకుని పిన్ను రబ్బరును కోసేస్తుంది. సగం బండ్లకు మూత ఉండదని నేనూ పట్టించుకోలేదు. నాదీ తప్పే" అన్నాడు.

పిన్ను ఖరీదు 40 రూపాయలు. దాన్ని మార్చి, కొంచెం నూనె పోసి, ముప్పావుగంట వ్యాక్యూమ్ లాగి, బోనెట్ కింద అతికించిన చీటీలో రాసిన తూకం ప్రకారం కాటా మీద పెట్టి గ్యాస్ ఎక్కించాడు.

ఇంటికి వచ్చి ఈ సంగతి చెబుతుంటే అమ్మ లేచి, తన బొత్తాల డబ్బా తెచ్చి మంచం మీద కుమ్మరించింది. సూదులు, హుక్కులు, బొత్తాల మధ్య ఒక నల్లని ప్లాస్టిక్ మూత. దాని మీద "ఎల్" అన్న ఇంగ్లీషు అక్షరం. "రెండేళ్ల కిందట నువ్వు బ్యాటరీ మార్చిన రోజున వాకిట్లో దొరికింది నాయనా. ఎందుకైనా పనికొస్తుందని దాచాను" అన్నది. నాకు గుర్తొచ్చింది. 2022లో బ్యాటరీ మార్చేటప్పుడు చేతికి అడ్డం వస్తోందని దాన్ని తీసి పక్కన పెట్టింది నేనే.

మరుసటి రోజే ఆ షాపుకు వెళ్లాను. నలుగురిలో అన్న మాటను నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలి. గిరాకీలు వచ్చేదాకా కూర్చుని, వాళ్లు వినేలా, "తప్పు నాది, నిన్ను అనవసరంగా అన్నాను, క్షమించు బాబూ" అన్నాను. అతను కంగారుపడి, "అంత మాట వద్దు సార్" అని నా చేతులు పట్టుకున్నాడు. ఆ మూత అడిగి తీసుకుని, తుడిచి, తనే బిగించాడు.

ఆ వారం అమ్మ ఏమీ అనకుండా బండెక్కింది. తిరిగి వచ్చేటప్పుడు వెనుక సీట్లో పడుకుని, దుప్పటి కావాలని అడిగింది. బయట నలభై నాలుగు డిగ్రీల ఎండలో అమ్మ దుప్పటి అడిగిందని నా భార్యకు చెప్పి ఎంత సంతోషించానో! 2025 వేసవి కూడా మళ్లీ గ్యాస్ నింపకుండానే గడిచింది.

చదువరులారా, పాత కారు ఉన్నవారు ఈ నాలుగు సంగతులు గుర్తుంచుకోండి. ఏడాది తిరగకుండా గ్యాస్ తగ్గితే, నింపేముందు లీకు వెతికించండి. ఆ రెండు మూతలూ ఉన్నాయో లేదో చూడండి. ఆ పిన్నును మీరుగా నొక్కకండి. బయటికి చిమ్మే గ్యాస్ సున్నాకు చాలా దిగువ చల్లదనంతో చర్మాన్ని, కళ్లను కాల్చేస్తుంది. చవకని వంట గ్యాస్ ఎక్కించేవారి మాట వినకండి, బండికి నిప్పు అంటుకోగలదు.

ఏది తగ్గినా పైనుంచి పోస్తూ పోవడం మనకు సులువు. ఎక్కడ కారుతోందో కూర్చుని చూడడానికి మాత్రం తీరిక ఉండదు. ఆ తీరిక లేకనే నేను ఒక మంచి పిల్లవాణ్ణి నొప్పించాను, అమ్మను ఇంచుమించు పోగొట్టుకున్నాను. ఆ బొత్తాల డబ్బా ఇప్పటికీ అమ్మ మంచం పక్కనే ఉంది. ఇంట్లో ఏ చిన్న వస్తువు కనబడకపోయినా ముందు అందులోనే వెతుకుతున్నాం.