కుప్పం ప్రాంగణంలో ఒక పూట

మదనపల్లెలోని బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాల ప్రహరీ పక్కగా మేము ముప్పై ఏళ్ళుగా నడుస్తున్నాము. అనీబిసెంట్ 1915లో స్థాపించిన ఆ విద్యాలయంలోకి ఏనాడూ అడుగుపెట్టలేదు. మమ్మల్ని ఎవరూ వద్దనలేదు. అక్కడ మాకు పనేముందని మేమే అనుకున్నాము.

బెల్‌ఫాస్ట్ నగరంలో పుట్టిన ఐరిష్ కవి జేమ్స్ కజిన్స్ మాత్రం సముద్రాలు దాటి ఆ ప్రాంగణానికి వచ్చారు. 1916లో ఐర్లండు తిరుగుబాటును మెచ్చుకుంటూ రాసినందుకు మద్రాసులో పత్రికా ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి ఆయన. మదనపల్లె ఆయనకు చోటిచ్చింది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూరు ఇక్కడ విడిది చేసి జనగణమన గీతాన్ని ఆంగ్లంలోకి మార్చినప్పుడు, దాని బాణీని స్వరలిపిలో రాసి పెట్టినవారు కజిన్స్ సతీమణి మార్గరెట్. అదే ఏడు కజిన్స్ జపాను వెళ్ళి, టోక్యోలోని కేయో విశ్వవిద్యాలయంలో ఆంగ్ల కవిత్వం బోధించారు. పడమటి మనిషి ఒకరు మా ఊరి మీదుగా తూర్పు చివరనున్న విద్యాపీఠం దాకా వెళ్ళారు. మేము మాత్రం వీధి దాటి లోపలికి వెళ్ళలేదు.

ఈ సంగతి మమ్మల్ని కలచివేయడానికి కారణం మా విద్యార్థి ఒకడు. మా వద్దనే ఆలిం కోర్సు ముగించాడు. దూరవిద్యలో డిగ్రీ కూడా పూర్తి చేశాడు. కుప్పంలోని ద్రావిడ విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం చదవాలని వాడి కోరిక. వాడి తండ్రి టమాటా మండీలో హమాలీ. ఒక సాయంత్రం మా దగ్గరకు వచ్చి, “హజ్రత్, మీరు సరే అంటేనే పంపిస్తాను. మీరు వద్దంటే వాడు మండీకి వస్తాడు” అని చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. పన్నెండేళ్ళ క్రితం ఇలాగే మరొక పిల్లవాడు అడిగాడు. అతడు వీడికంటే చురుకైనవాడు. విశ్వాసం సన్నగిల్లుతుందేమోనన్న భయంతో మేము వద్దన్నాము. అతడు ఎదురు చెప్పలేదు. మరుసటి నెలలో చెప్పకుండా బెంగుళూరు వెళ్ళిపోయి, అక్కడ ఆటో నడుపుకుంటున్నాడు. ఆటో నడపడం హలాల్ సంపాదనే, అందులో తక్కువతనం ఏమీ లేదు. కాని అతడి దారిని ఎంచుకున్నది అతడు కాదు, మా భయం.

విద్య కొరకు చైనాకైనా వెళ్ళాలన్న మాటను మన సభల్లో హదీసుగా చెప్పడం పాఠకులు వినే ఉంటారు. దాని పరంపర బలహీనమైనదని హదీసువేత్తలు తేల్చారు. కొందరు దానిని కల్పితమనే అన్నారు. ఈ సంగతిని మేము ఏటా తరగతిలో వివరిస్తాము. వివరించిన ప్రతిసారీ, ప్రయాణం చేయవలసిన బాధ్యత తప్పినట్లు లోలోపల ఊరట పొందామేమో! ఎందుకంటే విద్యను వెదుకుతూ దారి పట్టినవారికి స్వర్గమార్గం సులభమవుతుందని తెలిపే ప్రామాణికమైన హదీసు ముస్లిం గ్రంథంలో ఉండనే ఉంది. ఒక్క హదీసు వినడానికి జాబిర్ (ర) నెల రోజులు ప్రయాణించిన వృత్తాంతమూ మా పాఠంలో ఉంది. కుప్పం అయితే బస్సులో ఒక పూట దూరం. ముందు మేము వెళ్ళి చూడాలి, ఆ తర్వాతే మాట చెప్పాలి అని నిశ్చయించుకున్నాము.

ఫజర్ నమాజు ముగించుకుని, ఆ విద్యార్థిని వెంటబెట్టుకుని బయలుదేరాము. మండీ దగ్గర అప్పటికే టమాటా లారీలు బారులు తీరాయి. వాడు కిటికీలోంచి తండ్రి కోసం వెదికాడు. గుంపులో కనిపించలేదు.

పుంగనూరులో బస్సు ఆగినప్పుడు దిగి టీ తాగాము. పేరుపొందిన పుంగనూరు ఆవును మేము దగ్గరగా చూసింది అక్కడే. నిండా మూడడుగుల ఎత్తు ఉండదు. తక్కువ మేతతో బతుకుతుంది. పాలు కొద్దిగానే ఇచ్చినా వాటిలో వెన్న ఎక్కువ. ఒక ముసలాయన రెండు ఆవులను రోడ్డు దాటిస్తున్నాడు. చేతిలో కర్ర ఉంది గాని వాటి మెడలో పలుపు లేదు. అవి ముందు నడుస్తున్నాయి, ఆయన వెనుక నడుస్తున్నాడు.

“హజ్రత్, అక్కడ చేరితే నమాజు వదిలేస్తానని మీరు భయపడుతున్నారా?” అని మావాడు ఉన్నట్టుండి అడిగాడు.

అవునని చెప్పడానికి నోరు రాలేదు. కాదని చెబితే అబద్ధం. “టీ చల్లారుతోంది, తాగు” అన్నాము.

పలమనేరు, వి.కోట దాటిన తరువాత రోడ్డుపక్కన దుకాణాల బోర్డులలో తమిళం, కన్నడం కనిపించసాగాయి. కుప్పం ఆంధ్ర రాష్ట్రపు మూల. ఒక వైపు తమిళనాడు, మరొక వైపు కర్ణాటక. ఈ మూడు భాషల కూడలిలో 1997లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని నెలకొల్పింది. తమిళనాడు, కర్ణాటక, కేరళ ప్రభుత్వాలు తోడ్పడ్డాయి. సరిహద్దు గొడవలకు పేరుపడిన రాష్ట్రాలు ఒక బడి కోసం చేతులు కలపడం విశేషమే.

గేటు ముందు మా కాళ్ళు తడబడ్డాయి. తెల్లటి కుర్తా, తలపై టోపీ, నెరసిన గడ్డం. ఎవరైనా ఏమైనా అడుగుతారేమోనని ముందుగానే జవాబులు కూర్చుకున్నాము. చైనా వెళ్ళిన ఇబ్నె బతూతా తన యాత్రాగ్రంథంలో, ఆ దేశపు వింతలు మనసుకు పట్టక అవసరమైతే తప్ప గది దాటలేదని చెప్పుకున్నాడు. అంతటి యాత్రికుడికే అలా అనిపించిందంటే మా సంగతి చెప్పాలా!

కావలి ఆయన మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. “ఎవురు కావాల సామీ? పిల్లోణ్ణి చేర్పించేదానికి వచ్చినారా?” అన్నాడు. కూర్చుకున్న జవాబులేవీ అవసరపడలేదు. “అవును” అన్నాము. ఆ మాట మా నోటి నుండి వచ్చినందుకు మావాడు మావైపు ఆశ్చర్యంగా చూశాడు.

ప్రాంగణం విశాలమైనది. చెట్లు, రాతిగుట్టలు, దూరదూరంగా భవనాలు. భాషాశాస్త్ర విభాగంలో ఒక ఆచార్యులు మమ్మల్ని ఆదరంగా కూర్చోబెట్టి, తన తరగతి వినమన్నారు. పదిమంది విద్యార్థులుంటారేమో. ఆయన బోర్డుపై తెలుగు ‘పాలు’ రాసి, పక్కన తమిళ ‘పాల్’, కన్నడ ‘హాలు’ రాశారు. పులి కన్నడంలో హులి అయింది. పాత కన్నడంలోని పకారం కాలక్రమంలో హకారంగా మారిందని వివరించారు. ఒకే ఇంటి అన్నదమ్ములు వేర్వేరు ఊళ్ళలో స్థిరపడి, పలుకు మార్చుకున్నట్లు తోచింది.

తరువాత ఆయన సుద్దముక్క మా చేతికిచ్చారు. “మీరు అరబ్బీ చెబుతారట కదా, మా పిల్లలకు పది నిమిషాలు చెప్పండి” అన్నారు. పరీక్షించడానికి వచ్చిన మేము బోర్డు ముందు నిలబడ్డాము. కాఫ్, తా, బా అనే మూడక్షరాల నుండి కితాబ్, కాతిబ్, మక్తబ్ ఎలా పుడతాయో చూపాము. జవాబు, హాజరు, వసూలు, అసలు మన తెలుగులోకి వచ్చిన అరబ్బీ మాటలేనని చెప్పాము. “రైతు కూడా అరబ్బీయేనా సార్?” అని ఒక అమ్మాయి అడిగింది.

అవును, రైతు కూడా. రా, ఐన్, యా అనే మూలానికి మేపడం, కనిపెట్టి కాపాడడం అని అర్థం. ‘రాయీ’ అంటే కాపరి. ‘రఇయ్యత్’ అంటే కాపరి సంరక్షణలో ఉన్న మంద, రాజు సంరక్షణలో ఉన్న ప్రజ. ఫారసీ, ఉర్దూల మీదుగా అదే మన రైతు అయింది. ఇంతవరకు చెప్పి ఆగిపోయాము. ప్రతి మనిషీ కాపరి వంటివాడనీ, తన సంరక్షణలోని వారిని గురించి జవాబు చెప్పుకోవలసి ఉంటుందనీ తెలిపే హదీసులో ఉన్న మాట ఇదే. ముప్పై ఏళ్ళుగా దానిని బోధిస్తున్నాము. కాపరి అంటే ఆపేవాడనే అనుకుంటూ వచ్చాము. కాని ఆ మూలంలోనే మేత ఉంది. మేత ఉన్నచోటికి మందను తీసుకుపోనివాడు కాపరి ఎలా అవుతాడు? పుంగనూరులో ఆవుల వెనుక నడిచిన ముసలాయన కళ్ళముందు మెదిలాడు.

జుహర్ వేళ అయింది. మేము అడగకమునుపే మావాడు కావలి ఆయన దగ్గర నీళ్ళు తెచ్చి, వుజూ చేసి, చెట్టుకింద తువ్వాలు పరిచాడు. “మీరు ముందు నిలబడండి హజ్రత్” అన్నాడు. పుంగనూరులో వాడడిగిన ప్రశ్నకు జవాబు వాడే ఇచ్చాడు.

తిరుగు ప్రయాణంలో వాడు దరఖాస్తు కాగితాలను ఒడిలో పెట్టుకుని నిద్రపోయాడు. ఇంటికి చేరాక వాడి తండ్రికి కబురు పంపాము. వారం వారం ఫోను చేయాలని, సెలవులకు వచ్చినప్పుడు మా పిల్లలకు తెలుగు వ్యాకరణం చెప్పాలని వాడికి రెండు షరతులు పెట్టాము. పంపించడంతో మా బాధ్యత తీరదు. వెనుక నడవడం ఇప్పుడే మొదలైంది.

ఇషా తరువాత బెంగుళూరుకు ఫోను చేశాము. పన్నెండేళ్ళ నాటి ఆ విద్యార్థితో మాట్లాడాము. ఆనాడు నిన్ను ఆపింది ధర్మం కాదు నాయనా, మా భయం, మమ్మల్ని క్షమించు అన్నాము. కాసేపు ఆటో చప్పుడు మాత్రమే వినిపించింది. “అయ్యో, అంత మాటెందుకు హజ్రత్! నా కూతురు బడిలో చదువుతోంది. ఏం చదివించమంటారు?” అని అడిగాడు.

“ముందు ఆ అమ్మాయినే అడుగు” అన్నాము.