నూటికి నూరు

లక్ష్యమనే మాటకు గురి అని అర్థం. గురి చూసేవాడికి రెండు సంగతులు తెలియాలి. గురి ఎంత దూరాన ఉందో తెలియాలి, తానెక్కడ నిలుచున్నాడో కూడా తెలియాలి. బడులలో లక్ష్యాలు నిర్ణయించేటప్పుడు మొదటి సంగతిని గురించి విస్తారంగా చర్చ జరుగుతుంది. రెండవది చాలాసార్లు మరుగున పడిపోతుంది. కృష్ణా డెల్టా పల్లెలలోని జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఏళ్లకు పైగా తెలుగు పాఠాలు చెప్పి, ఉద్యోగ జీవితపు చివరి సంవత్సరాలను గుడ్లవల్లేరు ప్రాంతంలో గడిపిన నాకు ఈ విషయం తరచుగా ఆలోచనలోకి వస్తూ ఉంటుంది.

గుడ్లవల్లేరు గుడివాడకూ బందరుకూ నడుమ, రైలు మార్గం మీద ఉన్న ఊరు. ఈ మండలంలోని అంగలూరు కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి 1887లో జన్మించిన గ్రామం. జిల్లా విద్యా శిక్షణ సంస్థ ఉన్నది కూడా అక్కడే. 1986 నాటి జాతీయ విద్యా విధానం ఫలితంగా దేశమంతటా ఇటువంటి సంస్థలు ఏర్పడ్డాయి. అక్కడి ఛాత్రోపాధ్యాయులు బోధనాభ్యాసానికి చుట్టుపక్కల బడులకు వస్తూ ఉంటారు కనుక సామర్థ్యాలు, మూల్యాంకనం వంటి మాటలు మా పల్లె అరుగుల మీద సైతం వినిపిస్తాయి. అయితే ఇది వరి పండే నేల. ఇక్కడివారికి కొలత అనగానే ముందుగా స్ఫురించేది ఎకరానికి ఎన్ని బస్తాలు అన్న ప్రశ్నే.

దిగుబడిని అంచనా వేయడానికి ప్రభుత్వం పంట కోత ప్రయోగాలు చేయిస్తుంది. ఎంపిక చేసిన కొన్ని చేలలో ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు గల గడి కొలిచి, అందులోని వరి కోయించి, నూర్పించి, తూకం వేస్తారు. వాటి సగటును బట్టి ఆ ప్రాంతపు దిగుబడిని లెక్కగడతారు. పంటల బీమాకు, ప్రభుత్వ ప్రణాళికకు ఆ లెక్క ఎంతో అవసరం. కాని తన చేలో ఏ మూలకు నీరందలేదో, ఏ మడిలో దోమపోటు మొదలైందో ఆ ప్రయోగం రైతుకు చెప్పదు. అది రోజూ గట్టు వెంట నడిచేవాడికే తెలుస్తుంది. పైగా కోతనాడు తెలిసి ప్రయోజనం లేదు.

పిల్లల చదువుకూ ఈ రెండు రకాల కొలతలూ ఉన్నాయి. 2017 నవంబరు 13న, మళ్లీ 2021 నవంబరు 12న దేశమంతటా జాతీయ సాధన సర్వే జరిగింది. ఎంపిక చేసిన బడులలో, ఎంపిక చేసిన తరగతుల పిల్లలకు పరీక్ష పెట్టి జిల్లాలవారీగా ఫలితాలు ప్రకటించారు. ఇది పంట కోత ప్రయోగం వంటిది. గట్టు మీది నడక వంటి ప్రయత్నాలూ లేకపోలేదు. ఆర్.హెచ్. దవే అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1991లో ప్రాథమిక తరగతులకు కనీస అభ్యసన స్థాయిలను సూచించింది. పాఠం పూర్తి కావడం కాదు, పిల్లవాడు ఏమి చేయగలడన్నదే లక్ష్యమన్న ఆలోచన దానితో మా బడులలోకి వచ్చింది. 2005లో ప్రథమ్ సంస్థ చొరవతో మొదలైన ‘అసర్’ సర్వే మరింత సులభమైన సాధనాన్ని తెచ్చింది. ఒక కాగితం మీద అక్షరాలు, పదాలు, చిన్న పేరా, చిన్న కథ ఉంటాయి. పిల్లవాడు ఎక్కడి వరకు చదవగలిగితే అదే అతని స్థాయి. ఆ కాగితం చేతిలో ఉంటే ఏ తల్లి అయినా తన బిడ్డ చదువును కొలవగలదు. ఆ రోజుల్లోనే మన రాష్ట్రంలో క్లిప్, క్లాప్స్ అనే కార్యక్రమాలు వచ్చాయి. చదవడం, రాయడం, చతుర్విధ ప్రక్రియలు అందరికీ రావాలన్నది వాటి ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. కాని పిల్లల స్థాయిని నమోదు చేసే పట్టికలు ఎన్ని పంపాలన్నదే క్రమంగా మా ప్రధాన చింత అయిపోయింది.

కొలతకు బహుమానమో శిక్షో జతపడితే ఏమవుతుందన్నది పాత కథే. ఇంగ్లాండులో 1862 నుంచి రాబర్ట్ లో రూపొందించిన నిబంధనల ప్రకారం, తనిఖీ అధికారి పెట్టిన పరీక్షలో ఎంతమంది నెగ్గితే బడికి అంత గ్రాంటు. అక్కడ బడుల తనిఖీ అధికారిగా పనిచేసిన కవి మాథ్యూ ఆర్నాల్డ్ ఈ పద్ధతిని గట్టిగా వ్యతిరేకించాడు. మన ప్రాంతం మద్రాసు రాజధానిలో భాగంగా ఉన్న ఆ శతాబ్దంలోనే, ఇక్కడి బడులకూ ఫలితాలను బట్టి గ్రాంటు ఇచ్చే పద్ధతి అమలయింది. ఇంగ్లాండులో కొందరు పిల్లలు పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకుని కూడా గడగడ చదివేవారని చెప్పుకునేవారు. పాఠమంతా కంఠస్థం మరి! మన కాలానికి వస్తే, 2014 నాటికి పిల్లలందరూ నూటికి నూరు శాతం నిర్ణీత ప్రమాణాన్ని అందుకోవాలని అమెరికా 2002లో చట్టం చేసింది. లక్ష్యం దగ్గర పడేకొద్దీ కొన్ని రాష్ట్రాలు తమ ప్రమాణాలనే తగ్గించుకున్నాయి. 2015లో ఆ చట్టం స్థానంలో మరో చట్టం వచ్చింది.

ఈ డెల్టాలోనే మరొక మండలంలో నేను పనిచేస్తున్న రోజులలో జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. జూలై నెలలో ప్రధానోపాధ్యాయుల సమావేశం ఏర్పాటయింది. మా ప్రధానోపాధ్యాయులు సెలవులో ఉండడం వల్ల వారి బదులు నేను వెళ్లాను. పదవ తరగతి ఫలితాలలో ఈ ఏటి మీ లక్ష్యమెంత అని అధికారి ఒక్కొక్కరినే అడుగుతున్నారు. ఒకరి వెనుక ఒకరు లేచి “నూటికి నూరు సార్” అని కూర్చుంటున్నారు. గుమాస్తా రాసుకుపోతున్నాడు. అతని కలం ఆగవలసిన అవసరమే రాలేదు. చివరి వరుసలో ఉన్న ఒక ప్రధానోపాధ్యాయిని లేచి నిలబడ్డారు. పదవీ విరమణకు దగ్గరపడిన వయస్సు ఆమెది.

“ముప్పై ఆరుగురు సార్” అన్నారు.

“నేను అడిగింది శాతం, మేడమ్.”

“మా పదవ తరగతిలో నలభై నలుగురు పిల్లలు సార్. ఈనాటి స్థితిలో గట్టెక్కగలరని నమ్మకమున్నవాళ్లు ముప్పై ఆరుగురు. తక్కిన ఎనిమిది మంది పేర్లూ రాసుకొచ్చాను. ఎవరికి ఏది రాదో కూడా రాశాను. ఇద్దరికి తీసివేతలు రావు. ఒకమ్మాయికి అన్నీ వచ్చు, కాని తల్లికి జబ్బు చేసి వారానికి మూడు రోజులే బడికి వస్తోంది. ఆ పిల్లకు కావలసింది అదనపు తరగతి కాదు సార్. ఎవరైనా పెద్దవాళ్లు ఆ ఇంటికి వెళ్లి మాట్లాడాలి.”

వెనుక ఎవరో నవ్వారు. అధికారి మాత్రం నవ్వలేదు. “లక్ష్యం పెట్టుకునేటప్పుడే ఎనిమిది మందిని వదిలేస్తే ఎలాగమ్మా?” అని అడిగారు.

“వదల్లేదు సార్. నా దగ్గర ఉన్నవి వాళ్ల పేర్లే. మిగతావాళ్ల పేర్లు రాసుకోలేదు.”

అధికారి ప్రశ్నలో న్యాయం లేదని నేననను. ఈ పిల్లలకు ఇంతే వస్తుందని ముందే నిశ్చయించుకున్న బడులను నేను ఎరుగుదును. పేదవాడి బిడ్డ విషయంలో అటువంటి నిశ్చయం మరీ తొందరగా జరిగిపోతుంది. అందరూ ఉత్తీర్ణులు కావాలన్న కోరిక ఉండవలసిందే. కాని నూటికి నూరు అన్నవారి కాగితాలలో ఒక్క పేరూ లేదు. ఆమె కాగితంలో ఎనిమిది పేర్లున్నాయి. ఆ ఏడు ఆ బడిలో నలభై ఒక్కరు ఉత్తీర్ణులయ్యారు. నూటికి నూరు సాధించిన బడులకు సన్మానం జరిగింది. ఆమెకు మాత్రం ముగ్గురు ఎందుకు తప్పారో సంజాయిషీ రాసివ్వమని తాఖీదు వచ్చింది.

నూరు శాతానికి ఒక దగ్గరి దారి కూడా ఉంది. దానిని గురించి సభలలో ఎవరూ మాట్లాడరు. ఎనిమిదవ తరగతి వరకు పిల్లలను ఆపరాదన్న నిబంధన 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టంలో ఉండేది. 2019లో ఆ చట్టాన్ని సవరించారు. తొమ్మిదవ తరగతికి ఆ రక్షణ ఎన్నడూ లేదు. కనుక తప్పుతారనుకున్న పిల్లలను అక్కడే నిలిపివేయడమో, ప్రైవేటుగా పరీక్షకు కట్టుకోమని సలహా ఇవ్వడమో కొన్నిచోట్ల జరిగేది. హారంలో నుంచి నలుగురిని తీసివేస్తే భిన్నం దానంతటదే పెరుగుతుందని లెక్కల మాస్టారు చెప్పనక్కరలేదు. అలా ఆగిపోయినవారిలో చాలామంది మళ్లీ బడికి రాలేదు. మగపిల్లలు చేపల చెరువుల దగ్గర పనికి కుదిరారు. ఆడపిల్లలకు పెళ్లిళ్లయ్యాయి. ఏ బడి ఫలితాలలోనూ వారు తప్పినట్లు ఉండదు.

ఆ సమావేశం తరువాత నేనూ ఒక చేతి పుస్తకం పెట్టుకున్నాను. గుడ్లవల్లేరు ప్రాంతానికి వచ్చాక ఆరవ తరగతిలో ప్రతి విద్యార్థికీ అందులో ఒక పుట కేటాయించేవాడిని. ఒక పిల్లవాడి పుట నాకు బాగా గుర్తుంది. తండ్రి చేపల చెరువుకు కాపలాదారు. కాపురం చెరువు గట్టు మీది పాకలో. అక్షరాలూ గుణింతాలూ వచ్చినా, ఒత్తు ఎదురైతే ఆగిపోయేవాడు. ‘పుస్తకం’ అన్న మాటను ‘పుసతకం’ అని చదివి, తప్పని తనకే తెలిసి తల వంచుకునేవాడు. సంక్రాంతి సెలవుల లోపల ఒక పేరా ఆగకుండా చదవాలని అతని పుటలో రాశాను. రోజూ ప్రార్థనకు ముందు పది నిమిషాలు ఒత్తులున్న మాటలు మాత్రమే చదివించాను. చేపల మేత బస్తాల మీది అక్షరాలు చదువుకుని రమ్మన్నాను. అతనికి అందుబాటులో ఉన్న అచ్చు అదొక్కటే. నవంబరులో ద్విత్వాలు వచ్చాయి. జనవరిలో పేరా చదివాడు, రెండు చోట్ల ఆగాడు. ఫిబ్రవరిలో హాజరు తగ్గింది. మా వైపు వరి కోతలకు ముందే చేలో మినుములు చల్లుతారు. అవి చేతికి వచ్చేది సరిగ్గా ఏడాది చదువు ముగింపుకు వచ్చే రోజులలోనే. తల్లి వెంట అతడూ చేలోకి వెళ్లేవాడు. ‘రాష్ట్రం’ అన్న మాటను మార్చి నెలాఖరున చదివాడు.

బడి నుంచి పైకి వెళ్లిన పట్టికలో ఆ పిల్లవాడికి జూలైలో ‘సి’ గ్రేడు, మార్చిలోనూ ‘సి’ గ్రేడే. తప్పేమీ లేదు, నిబంధనల ప్రకారం సరైనదే. ఏడాది పొడవునా అతడు నడిచిన దూరమంతా ఆ ఒక్క అక్షరం లోపలే ఇమిడిపోయింది.

ఈ పాఠం చదివే మీరు పదవ తరగతి దాటి వచ్చినవారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పరీక్షలో 2019లో 94.88 శాతం మంది ఉత్తీర్ణులయ్యారు. కరోనా కారణంగా 2020, 2021 సంవత్సరాలలో పరీక్షలు జరగలేదు. అందరినీ ఉత్తీర్ణులుగా ప్రకటించారు. 2022లో ఉత్తీర్ణత 67.26 శాతం. మూడేళ్లలో పిల్లల తెలివి అంతగా తరిగిపోదు కదా! బడులు మూతపడ్డాయి. బడిలో వేసే అంతర్గత మార్కులను తొలగించారు. ప్రశ్నపత్రాల తీరు మారింది. ఇన్ని కారణాలు ఆ ఒక్క సంఖ్య వెనుక ఉన్నాయి. ఆ వేసవిలో ఫలితాలు చూసినవారు ప్రభుత్వాన్ని, ఉపాధ్యాయులను, పిల్లలను వరుసగా నిందించారు. తప్పిన పిల్లవాడికి ఏ పాఠం దగ్గర అడ్డు తగిలిందని అడిగినవారు నాకు తారసపడలేదు.

పదవీ విరమణ నాడు నా బీరువా తాళాలు, పాఠ్య ప్రణాళికలు, ఆ చేతి పుస్తకం కొత్తగా వచ్చిన తెలుగు ఉపాధ్యాయినికి అప్పగించాను. అంగలూరులో శిక్షణ పొందిన అమ్మాయి. ఒక్కొక్క రిజిస్టరుకూ సంతకం చేస్తూ వచ్చి, చేతి పుస్తకం దగ్గర ఆగింది. “దీన్ని ఏ ఖాతాలో రాయమంటారు మాస్టారూ?” అని అడిగింది. ఏ ఖాతాలోనూ రాయనక్కరలేదన్నాను. ఆమె కూర్చుని పుటలు తిరగేయసాగింది. కొంతసేపటికి మేత బస్తాల మాట ఉన్న చోట వేలు ఉంచి, “ఈ అబ్బాయి ఇప్పుడు ఏడవ తరగతా అండీ? ఏ సెక్షను?” అంది.