పెరికి పారేసిన గరిక

పిల్లలూ, మీలో ఎవరైనా బెంగుళూరు లాల్‌బాగ్ చూశారా? 1760లో హైదర్ అలీ వేయించటం మొదలుపెట్టిన తోట అది. అక్కడ పెద్ద పెద్ద చెట్లు, రంగు రంగుల పూలు ఎన్ని ఉన్నా మా పాప కళ్ళకు ఆనింది మాత్రం తివాచీలాంటి పచ్చిక. “నాయనా, మన వాకిట్లో కూడా ఇట్లాంటిది వేద్దాం,” అంటూ ఆ పూటంతా నా వేలు వదల్లేదు. సరేనన్నాను. అనటానికేం, తేలికే గదా!

మాది ఆమడగూరు. గరుసు కలిసిన ఎర్రనేల, చుట్టూ శనక్కాయ చేలు. నైరుతి వానలను పడమటి కనుమలు ఆపేస్తాయి. తూర్పు సముద్రం మీదుగా వచ్చే వానలు మా దాకా వచ్చేసరికి అలిసిపోతాయి. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదంతా కలిపి కురిసేది సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. చల్లగా ఉండి, తరుచు తుంపర పడే ఇంగ్లండులో పచ్చిక తేలికగా పెరుగుతుంది. అక్కడి వాళ్ళ బాధల్లా దాన్ని కోయటమే. 1830లో ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన గడ్డి కోసే యంత్రాన్ని కనిపెట్టింది ఆ దేశంలోనే. ఉన్నిబట్ట మీది నూగు కత్తిరించే యంత్రాన్ని చూసి ఆయనకు ఆ ఊహ తట్టిందట. మన బాధ వేరు. ముందు మొలవాలి, తరవాత గదా కోయటం!

ఈ సంగతి ఆలోచించకుండా నేను మే నెలలో విత్తనాలు కొనుక్కొచ్చి చల్లాను. గడ్డివిత్తు ఇసుక రేణువంత ఉంటుంది. లోతుగా పాతితే మొలక పైకి రాలేదు. పైపైన చల్లితే ఎండకు మాడిపోతుంది. అందుచేత మొలకెత్తేదాకా పై మట్టి ఆరకుండా రోజుకు రెండు మూడుసార్లు నీరు చిలకరించాలి. నేను పొద్దున ఒక్కసారి పోసి ఊరుకున్నాను. సగం విత్తులు చీమలు మోసుకుపోయాయి. మిగిలినవి మొదటి జడివానకు కొట్టుకుపోయి, పల్లపు మూలన ఒక గుప్పెడు మొలిచాయి.

తరవాత నర్సరీ నుంచి గడ్డి పలకలు తెప్పించాను. పెరిగిన గడ్డిని వేళ్ళతో, మట్టితో సహా చాపలాగా కోసి ఇస్తారు. పరిచిన రోజున లాల్‌బాగే మా ఇంటికి వచ్చినట్టుంది. పాప దాని మీద పొర్లింది కూడా. వారానికల్లా అంచులు పైకి లేచాయి. ఇంకో వారానికి మొత్తం గడ్డివామి రంగుకు తిరిగింది. ఎత్తి చూస్తే ఒక్క వేరు కూడా నేలలో దిగలేదు. గట్టినేలను తవ్వకుండానే పరిచాను మరి! పలకకూ నేలకూ మధ్య గాలి నిలిచింది. తప్పు నాదే, గడ్డిది కాదు.

మా అమ్మ చూసి చూసి, “రేయ్, నీ గడ్డి తాగే నీళ్ళతో రెండు ఎనుములు బతుకుతాయి గదరా!” అన్నది.

ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకున్నది. కాగితం తీసి లెక్క వేశాను. చదరపు మీటరు నేల మీద 1 మిల్లీమీటరు నీరు నిలిస్తే అది సరిగా 1 లీటరు. మంచి ఎండల్లో పచ్చికకు రోజుకు 5 మిల్లీమీటర్లు కావాలనుకుందాం. నేను కొలిచి పెట్టుకున్న 20 అడుగుల చదరం సుమారు 37 చదరపు మీటర్లు. అంటే రోజుకు 185 లీటర్లు, మా ఇంటి బిందెతో పన్నెండు బిందెలు! ఎండాకాలంలో మాకు తాగటానికీ, వండటానికీ అన్ని బిందెలు పట్టవు. అమ్మ మాటే నిజం. పాపను పిలిచి లెక్క చూపించాను. అది కాసేపు మూతి ముడుచుకుని, “అయితే చిన్నది వేద్దాం,” అన్నది. 10 అడుగుల చదరానికి మూడు బిందెలు చాలు. స్నానాల నీళ్ళు సరిపోతాయి.

ఇంతలో వినాయకచవితి వచ్చింది. పత్రి తెమ్మంటే పాప చేని గట్టున గరికను తీగలతో సహా పెరుక్కొచ్చింది. పూజలో దూర్వాయుగ్మం అంటారే, అదే. పూజకు పోగా మిగిలిన తీగలు కొళాయి దగ్గర తడిలో పడి ఉన్నాయి. పది రోజులకు చూస్తే కణుపు కణుపుకూ తెల్లటి వేళ్ళు!

నాకు నవ్వొచ్చింది. క్రికెట్ మైదానాల్లోనూ గోల్ఫ్ మైదానాల్లోనూ చాలాచోట్ల పెంచే బెర్ముడా గడ్డి మన గరికే. నేల మీద ఒక తీగ, నేల లోపల ఒక తీగ పాకిస్తుంది. ఎండ ఎంత కాస్తే దానికి అంత సంతోషం, నీడ మాత్రం గిట్టదు. ఇంకో చిత్రం చూడండి: మొక్క కొన తుంచితే ఆ కొమ్మ ఆగిపోతుంది, గడ్డి ఆకు పెరిగేది మొదట్లోంచి. అందుకే ఆవు మేసినా, కొడవలితో కోసినా మళ్ళీ లేస్తుంది.

ఈసారి తొందరపడలేదు. జానెడు లోతు తవ్వి రాళ్ళు ఏరాము. దిబ్బ ఎరువు కలిపి, నీరు ఇంటివైపు రాకుండా కాస్త వాలుగా చదును చేశాము. తడిపి రెండు వారాలు ఊరికే వదిలేస్తే కలుపంతా మొలిచింది. దాన్ని ఏరేశాము. తుంగను మాత్రం గడ్డతో సహా తవ్వి తీయాలి. పైన పీకితే మళ్ళీ వస్తుంది. ఆ తరవాత గరికను రెండు మూడు కణుపుల ముక్కలు చేసి, నాలుగేసి అంగుళాల ఎడంతో నాటి, కాలితో అదిమాము. మా అమ్మ గడపలో కూర్చుని, “చేన్లో నడుములు పడిపోయేట్టు పెరికేది వాకిట్లో నాటుతారా!” అని పడీ పడీ నవ్వింది. దీపావళి వెళ్ళిన కొద్దిరోజులకు నేల కనబడకుండా కప్పుకున్నది. మూడోవంతుకు మించకుండా కొడవలితో కోశాను.

ఏప్రిల్‌లో మా బోరు సన్నగిల్లింది. స్నానాల నీళ్ళు కూడా పాత్రలు కడగటానికి దాచుకోవలసి వచ్చింది. పచ్చికకు నీరు మానేశాను. అది గోధుమరంగుకు తిరిగి, అడుగు వేస్తే గరగరలాడింది. “చచ్చిపోయింది,” అని పాప ఏడ్చింది. నేను ఒకచోట గోకి లోపలి తీగ విరిచి చూపించాను. లోపల తెల్లగా, పచ్చిగా ఉంది.

జూన్‌లో ఒకనాటి రాత్రి మంచి వాన పడింది. అయిదో రోజు పొద్దున పాప కేకలు వేసి అందరినీ లేపింది. ఎండుగడ్డి మధ్య సూదుల్లాంటి పచ్చటి మొనలు!

ఇప్పుడు దానికి కాపలా మా అమ్మే. హద్దు రాళ్ళు దాటి ఒక్క తీగ పూలమొక్కల వైపు పాకినా కొడవలి పట్టుకుని లేస్తుంది. కోసిన తీగలను ఊరికే పారేయదు. ఎండలో కరకరలాడేదాకా ఎండబెట్టి మరీ పారేస్తుంది.