గ్విన్ గొప్పా, బాగ్స్ గొప్పా?

శాన్ డియాగోలో రాంచో బెర్నార్డో వైపు ఉండే తెలుగువాళ్లకు రోజూ ఐ-15తోనే పని. పోవే దగ్గర ఆ రోడ్డులో కొంత మేర పేరు టోనీ గ్విన్ స్మారక ఫ్రీవే. క్వాల్‌కామ్ ఉద్యోగానికని వచ్చి, ఆ బోర్డు కింద నుంచే ఏళ్ల తరబడి వెళ్తూ, అదెవరో రాజకీయ నాయకుడి పేరనుకునేవాళ్లూ ఉంటారు. గ్విన్ చివరి సీజన్లు ఆడింది అప్పట్లో క్వాల్‌కామ్ పేరున్న స్టేడియంలోనే మరి! పిల్లాడు లిటిల్ లీగ్‌లో చేరాక గానీ తండ్రికి సంగతి బోధపడదు. 1982 నుంచి 2001 దాకా ఇరవై సీజన్లూ ఊరి బేస్‌బాల్ జట్టు పాడ్రెస్‌కే ఆడి, 3,141 హిట్లు కొట్టిన మనిషాయన.

కెరీర్ యావరేజ్ .338. యాభైకి పైబడ్డ సగటులు చూస్తూ పెరిగిన క్రికెట్ కళ్లకు ఇది ఆనదు. పదిసార్లలో మూడుసార్లకు కాస్త పైన, అంతేగా? కానీ ఆ రోజుల్లో లీగ్ మొత్తం సగటు .260 చుట్టూనే తిరిగేది. అలాంటి చోట ఎనిమిదిసార్లు బ్యాటింగ్ టైటిల్ గెలిచాడు.

ఆయన ఆట చూస్తే అజరుద్దీన్‌ను తిరగేసినట్టుంటుంది. అజర్ ఆఫ్‌సైడ్ బంతిని మణికట్టుతో లెగ్‌సైడుకు లాగేవాడు. ఎడమచేతి వాటం గ్విన్ బయటి బంతిని లాగకుండా, వచ్చేదాకా ఆగి, థర్డ్ బేస్‌కూ షార్ట్‌స్టాప్‌కూ మధ్య సందులోకి తోసేవాడు. స్కోర్‌షీటులో ఆ ఇద్దరి నంబర్లు 5, 6. సందుకు గ్విన్ పెట్టుకున్న పేరు 5.5. బూట్ల మీద కూడా ఆ అంకె కుట్టించుకున్నాడు. 1983లోనే భార్య చేత తన ఆట టీవీ నుంచి రికార్డు చేయించి, టేపులు తిప్పి తిప్పి చూసుకోవడం మొదలెట్టాడు. గ్రెగ్ మ్యాడక్స్ అంతటి పిచ్చర్ 107సార్లు ఎదురుపడి ఒక్కసారైనా స్ట్రైకౌట్ చెయ్యలేకపోయాడు.

1994లో మరీ చిత్రం. ఆగస్టు 12న ఆటగాళ్లు సమ్మెకు దిగే సరికి గ్విన్ .394 మీద ఉన్నాడు. ఇంకో మూడు హిట్లు పడుంటే .400 దాటేవాడు. 1941లో టెడ్ విలియమ్స్ తర్వాత ఎవరికీ అందని మెట్టు అది. జట్టుకు ఇంకా 45 ఆటలున్నాయి, సీజనే రద్దయింది.

సాటివాళ్లలో సరిజోడు వేడ్ బాగ్స్. ఆయనా 1982లోనే బోస్టన్‌లో అడుగుపెట్టాడు. ప్రతి ఆటకు ముందూ చికెన్ తిని తీరాల్సిందేనట, కోస్తా జిల్లాల్లో పుట్టాల్సినవాడు! యావరేజ్ .328, హిట్లు 3,010, టైటిళ్లు ఐదు. గ్విన్ కన్నా తక్కువే. కానీ చెత్త బంతుల్ని వదిలేసి బేస్‌కు నడిచెళ్లే వాక్‌లు బాగ్స్‌కు 1,412 ఉంటే, గ్విన్‌కు 790. అందుకే బేస్ చేరిన శాతంలో బాగ్స్ .415, గ్విన్ .388. లెక్కల మనుషులు పట్టుకునేది ఇక్కడే. మైదానాన్నీ కాలాన్నీ సరిచేసి వేసే ఓపీఎస్ ప్లస్‌లో మాత్రం, సగటు ఆటగాడికి 100 అనుకుంటే, గ్విన్‌కు 132, బాగ్స్‌కు 131. ఆ ఒక్క పాయింటు తేడా తేడాయే కాదు.

అయినా ఈ వ్యాసకర్త ఓటు గ్విన్‌కే. కారణం వయసు. బాగ్స్ ఐదు టైటిళ్లూ ముప్పై ఏళ్ల వయసుకల్లా వచ్చేశాయి. గ్విన్ చివరి నాలుగు టైటిళ్లు 34 నుంచి 37 ఏళ్ల మధ్య, వరసగా. లోపలికొచ్చే బంతిని లాగి కొట్టమని టెడ్ విలియమ్స్ ఇచ్చిన సలహాను ముప్పై దాటాక విని, ఆట మార్చుకున్నాడు. 1997లో .372 కొట్టాడు, తన కెరీర్‌లోనే ఎక్కువగా 17 హోమ్ రన్లతో.

మొత్తం హోమ్ రన్లు 135 మాత్రమే. సిక్సర్ల లెక్కతో ఆట చూసేవాళ్లకు ఇది మింగుడుపడదు. స్ట్రైకౌట్లు చూడమనండి: ఇరవై సీజన్లలో కలిపి 434. ఇప్పటి బ్యాటర్లు కొందరికి అది మూడేళ్ల పని.