ఇత్తడి గిన్నెలో పాలు

పొట్ట ముందుకొచ్చిన ఏడాదిన్నర బిడ్డ. చికాకు, తిండి సయించదు. కుడి డొక్కలో చెయ్యిపెడితే కాలేయం అంచు పదునుగా, గట్టిగా తగులుతుంది. రాజమండ్రిలో పాతతరం పిల్లల డాక్టర్లు ఈ కాలేయ జబ్బు రూపాన్ని ఇప్పటికీ మరిచిపోలేదు. కామెర్లు కమ్మితే చాలామంది నెలల్లోనే చనిపోయేవారు. మద్రాసు జమ్మివారి లివర్ క్యూర్ మందు సీసా తెలియని ఇల్లు ఆ రోజుల్లో అరుదు.

ఆ బిడ్డల కాలేయంలో రాగి విపరీతంగా పేరుకుని ఉండేది. అదెక్కడిది?

పుణెలో షీలా భావే, ఆనంద్ పండిట్, బ్రిటన్ వైద్యుడు స్టువర్ట్ టానర్ బృందం 1983లో లాన్సెట్ వైద్యపత్రికలో వేలు చూపింది పాలగిన్నె వైపు. జబ్బుపడిన పిల్లలకు చాలా చిన్నప్పుడే పశువుల పాలు పట్టారు, అవీ ఇత్తడి గిన్నెల్లో కాచి నిలవుంచినవి. పశువుల పాలలో సహజంగా రాగి చాలా తక్కువ. కానీ పాలలోని కేసీన్ గిన్నె నుంచి రాగిని లాగి పట్టుకుంటుంది. పసిబిడ్డ కాలేయానికి పైత్యరసంతో దాన్ని బయటికి పంపే శక్తి ఇంకా పూర్తిగా రాదు. కేసులన్నిటికీ ఇదే కారణమని చెప్పలేం. అయితే ఆస్ట్రియాలోని టిరోల్‌లోనూ 1900-1974 మధ్య ఇలాంటి జబ్బుతో 138 మంది పిల్లలు పోయారు. కళాయి లేని రాగి పాత్రలు మానేశాక అక్కడ అది మాయమైంది.

పాలలో ఇంత సూక్ష్మ పరిమాణంలో ఉన్న లోహాన్ని కొలవడం తేలిక కాదు. పాలలోని కొవ్వు, మాంసకృత్తులు అడ్డొస్తాయి గనక ముందు నైట్రిక్ ఆమ్లంలో కరిగించాలి. ఆ ద్రావణాన్ని మంటలోకి చిమ్మి, రాగి మాత్రమే పీల్చుకునే కాంతి ఎంత తగ్గిందో చూస్తారు. నమూనా సీసాను ఆమ్లంతో కడక్కపోతే దాని మురికే పాల లెక్కలో కలిసిపోతుంది. డబ్బాపాలకు అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు పెట్టే కోడెక్స్ నిర్ణయించిన కనీస రాగి 100 కిలో కేలరీలకు 35 మైక్రోగ్రాములు. ఇత్తడి గిన్నెలో నిలవున్న పాలకు అలాంటి లెక్క ఉండదు.

గోదావరి సీమకు ఇత్తడి పరాయిది కాదు. పెరవలి దగ్గర అజ్జరం ఇత్తడి సామానుకే పేరు. ఇప్పుడా గిన్నెలు మళ్లీ వంటింట్లోకి వస్తున్నాయి. మనవణ్ణి ఒళ్లో పెట్టుకున్న ఓ మామ్మగారు డాక్టర్ని నిలదీశారు.

"మా పిల్లలంతా ఇత్తడి గిన్నెలో పాలే తాగారు కదండీ?"

"కళాయి వేయించేవారా మామ్మగారూ?"

"ఏటా వేయించేవాళ్లం."

"ఈ కొత్త గిన్నెకో?"

ఆవిడ కోడలి వైపు చూశారు. డాక్టరు చీటీ మీద మందుల కింద ఇంకో వరస రాశాడు: బాబు పాలకు స్టీలు గిన్నె.