వంక గట్టు ఎక్కని బండి



ఈరోజు పంట గురించి కాదు, బండి గురించి రాస్తున్నాను. మనలో చాలామంది ఇళ్ళలో పాత టూ స్ట్రోక్ ఎక్స్‌ఎల్ సూపర్ ఇంకా తిరుగుతానే ఉంది. గడ్డిమోపు, పాలక్యాను, యూరియా బస్తా, అన్నీ దానిమీదే. "దీనికి ఇంకొంచెం లాగుడు పెంచుదాం" అని మెకానిక్ దగ్గరికి పోయే ముందు ఇది ఒకసారి చదవండి. నేను ఆ పని చేసి దెబ్బతిన్నాను. డబ్బు పోయింది ఒక ఎత్తు, మా ఇంట్లో ఆమె కాలు ఒక ఎత్తు.

మాది మదనపల్లె వైపు. ఎకరన్నరలో టమోటా. చేను నుంచి తారు రోడ్డుకు కిలోమీటరు పైన మట్టిదారి, మధ్యలో వంక. వంకలోకి దిగి అవతలి గట్టు ఎక్కాల. ముప్పై అడుగులే గానీ ఎదురుగా గోడ మాదిరి ఉంటుంది. కోత రోజు తెల్లవారుజామున రెండేసి క్రేట్లు బండిమీద తెచ్చి రోడ్డు పక్కన దించితే టెంపో వచ్చి మార్కెట్‌కు ఎత్తుకుపోతుంది. టెంపో ఎవరికోసమూ ఆగదు.

మూడేళ్ళ కిందట బండి ఆ గట్టు దగ్గర మొరాయించడం మొదలుపెట్టింది. ముందు రెండు క్రేట్లతో హాయిగా ఎక్కేది, ఒక క్రేటుకే ఆయాసపడుతోంది. మా మేనల్లుడి దగ్గర ఆర్‌ఎక్స్ 100 ఉంది. వాడు సైలెన్సర్ మార్పించి, పోర్టులు గీకించి, ఊరంతా దద్దరిల్లేట్టు తిప్పుతుంటాడు. "మామా, నీ బండికి కూడా అట్లే చేయిస్తే గుర్రం మాదిరి లాగుతాది" అన్నాడు. యాభై దాటినా నాకూ ఆశ పుట్టింది. వాడికి తెలిసిన మెకానిక్ దగ్గరికి పోయినాం. సైలెన్సర్ లోపలి గొట్టం తీసేశాడు. బ్లాకు విప్పి పొగ పోయే పోర్టును ఫైలుతో పైకి గీకినాడు. కార్బొరేటర్‌లో పెద్ద జెట్టు వేసినాడు.

రోడ్డుమీద చూస్తే అద్భుతం. సౌండు మారింది, స్పీడు పెరిగింది. ఇంటికి రాగానే మా ఆమె మాత్రం "సౌండు సరే, బరువు లాగుతాదా?" అని అడిగింది. నాకు కోపం వచ్చింది.

మరుసటి కోత రోజు రెండు క్రేట్లు కట్టి వంకలోకి దిగినాను. ఆమె వెనక నడిచి వస్తోంది. గట్టు సగం ఎక్కేసరికి ఇంజను గొంతు పడిపోయింది. యాక్సిలేటర్ మొత్తం తిప్పినా బబ్బబ్బ అంటుందే గానీ లాగడంలేదు. ఆమె పరిగెత్తుకొచ్చి వెనకనుంచి తోసింది. అంతలో ఇంజను ఆగింది. బ్రేకు నిలవలేదు, బండి వెనక్కి జారింది. క్రేట్లు, బండి, అన్నీ ఆమె కాలిమీద పడినాయి. చీలమండ దగ్గర ఎముక చిట్లింది. ఆరు వారాలు కట్టు. ఆరోజు టెంపో పోయింది, కాయ వంకలో పడింది. అవేవీ గుర్తులేవు నాకు. కాయల మధ్యలో కూర్చుని ఆమె నా మొహం చూసిన చూపు గుర్తుంది. "నేను చెప్పలేదా" అని కూడా అనలేదు.

ఆ తర్వాత బండిని ఇంకో పెద్దాయన దగ్గరికి తోసుకుపోయినాను. అందరూ ఆయన్ని భాయ్ అంటారు, నలభై ఏళ్ళుగా టూ స్ట్రోక్ బండ్లే చేస్తున్నాడు. బ్లాకు విప్పి చూసి నవ్వలేదు, తిట్టలేదు. "పరిగెత్తే బండికి చేసే పని, మోసే బండికి చేసినారు" అన్నాడు. తర్వాత ఆయన చెప్పిందే మీకు చెప్తున్నాను.

ఆర్‌ఎక్స్ 100 ఇంజను 98 సీసీ, 11 గుర్రాల బలం. కానీ ఆ బలం నిమిషానికి 7500 చుట్లు తిరిగినప్పుడు వస్తుంది. మన ఎక్స్‌ఎల్ సూపర్ 70 సీసీ, మూడున్నర గుర్రాల బలం, అది 5000 చుట్ల దగ్గర. చక్రాన్ని తిప్పే లాగుడైతే ఇంకా కిందనే, 3750 దగ్గరే ఎక్కువ. పైగా దానికి గేర్లు లేవు, ఒకటే. గట్టుమీద ఇంజను చుట్లు పడిపోతే గేరు తగ్గించి లేపుకునే దారి లేదు. అందుకే దాన్ని కిందనుంచే లాగేట్టు తయారుచేశారు.

టూ స్ట్రోక్‌లో పిస్టన్ కిందికి దిగేటప్పుడు ముందు పొగ పోయే పోర్టు తెరుచుకుంటుంది, తర్వాత కొత్త పెట్రోలు గాలి లోపలికి వచ్చే పోర్టులు తెరుచుకుంటాయి. పొగ పోర్టును పైకి గీకితే అది ఇంకా ముందే తెరుచుకుంటుంది. మండిన గ్యాసు పిస్టన్‌ను పూర్తిగా తోయకముందే బయటికి పోతుంది. ఇంజను వేగంగా తిరిగేటప్పుడు అది లాభమే, మెల్లగా తిరిగేటప్పుడు నష్టం. సైలెన్సర్ కూడా సౌండు తగ్గించడానికి మాత్రమే కాదు. కొత్త పెట్రోలు గాలి కొంత పొగతోపాటు బయటికి జారిపోతుంటే, సైలెన్సర్‌లో తగిలి వెనక్కి వచ్చే ఒత్తిడి దాన్ని మళ్ళీ లోపలికి నెడుతుంది. లోపలి గొట్టం పీకేస్తే ఆ నెట్టుడు పోయింది. పెట్రోలు ఖర్చు పెరిగింది, లాగుడు తగ్గింది.

"మరి మొదట్లో ఎందుకు లాగలేదు భాయ్?" అని అడిగినాను. "అప్పుడు దానికి జబ్బు. జబ్బు మనిషికి మందు ఇయ్యకుండా పందెంలో పరిగెత్తమన్నారు" అన్నాడు.

ఆ జబ్బులు ఇవి. మీ బండికి ఏదుందో వరసగా చూసుకోండి.

మొదటిది, బండిని స్టాండు వేసి వెనక చక్రం చేత్తో తిప్పండి. బ్రేకు పట్టుకుని ఉంటే అక్కడే సగం బలం పోతుంది. చైను మరీ బిగువుగా ఉన్నా అంతే. టైరులో గాలి చూసుకోండి.

రెండోది, గట్టు ఎక్కేటప్పుడు చెవిపెట్టి వినండి. ఇంజను గొంతు పైకి లేస్తోంది గానీ బండి కదలడంలేదంటే అది క్లచ్ షూలు అరిగిన లక్షణం. ఇంజను గొంతే పడిపోతుంటే జబ్బు ఇంజనులో ఉంది.

మూడోది, మసి. టూ స్ట్రోక్‌లో ఆయిలు కూడా మండుతుంది కాబట్టి పొగ పోర్టులోనూ సైలెన్సర్‌లోనూ మసి గట్టిగా పేరుకుంటుంది. నా సైలెన్సర్ లోపలి గొట్టం రంధ్రాలు సగం మూసుకుపోయి ఉన్నాయంట. దాన్ని పీకి పారేయకుండా బయటికి తీసి, నిప్పుల్లో కాల్చి, తట్టి, మళ్ళీ వేసి ఉంటే సరిపోయేది. పోర్టులో మసి గీకేటప్పుడు పిస్టన్‌ను పైకి తెచ్చిపెట్టి, ఇనుముతో కాకుండా వెదురు చెక్కతో గీకండి. ఆయిలు ఎక్కువ పోస్తే బండికి మంచిదనుకుంటారు చాలామంది. అదే మసికి మూలం. మరీ తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది. నేను లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు కొలిచి పోస్తున్నాను.

నాలుగోది, గాలి. ఎయిర్ ఫిల్టర్ దుమ్ముపట్టి ఉంటే గాలి అందదు. మన మట్టిదారుల్లో నెలకొకసారి చూడాల. ఇంజను కింద ఆయిల్ సీలు పోతే తప్పుదారిలో గాలి లోపలికి వస్తుంది. అప్పుడు లాగుడు తగ్గుతుంది, ఇంజను మామూలుకంటే వేడెక్కుతుంది. ప్లగ్గు విప్పి చూడండి. కాఫీపొడి రంగు ఉంటే ఆరోగ్యం. తెల్లగా ఉంటే గాలి ఎక్కువ, నల్లగా జిడ్డుగా ఉంటే పెట్రోలు గానీ ఆయిలు గానీ ఎక్కువ.

ఐదోది, రింగులు. అరిగినా, మసిలో ఇరుక్కున్నా కంప్రెషన్ ఉండదు.

ఇవన్నీ సరిచేసినాక కూడా లాగుడు చాలకపోతే ఇంజనులో ఏమీ కోయకుండా చేసే పని ఒకటుంది, వెనక చైను చక్రం పళ్ళు పెంచడం. లెక్క కోసం ముందు 12 పళ్ళు, వెనక 36 పళ్ళు అనుకోండి. వెనక 39 వేస్తే చక్రం దగ్గర లాగుడు నూటికి ఎనిమిది పెరుగుతుంది. దానికి బదులు, యాభైలో పోయే బండి నలభై ఆరులో పోతుంది. చైను పొడవు కూడా కొంచెం పెంచాల్సి రావచ్చు. నచ్చకపోతే పాత చక్రం మళ్ళీ వేసుకోవచ్చు. ఫైలుతో గీకిన పోర్టు మాత్రం మళ్ళీ అతకదు.

నా బండికి కొత్త బ్లాకు, పిస్టన్ వేయాల్సి వచ్చింది. సైలెన్సర్ కొత్తది, జెట్టు పాత సైజుది, బ్రేకు షూలు కొత్తవి. మసికీ ఫిల్టర్‌కీ అయితే కొద్దిపాటి కూలితో పోయే పని, ఒక కోత డబ్బు మొత్తం తినింది. మెకానిక్‌ను ఏమీ అనను. నేను అడిగిందే ఆయన చేసినాడు. మోసేవాడికి కావాల్సింది ఏమిటో మోసేవాడే అడగాల.

ఇప్పుడు బండి రెండు క్రేట్లతో గట్టు ఎక్కుతోంది. సౌండు లేదు, స్పీడు లేదు. మా ఆమెకు చలికాలం వస్తే చీలమండ దగ్గర ఇంకా నొప్పి ఉంటుంది. కోత రోజు నేను గట్టు ఎక్కేటప్పుడు ఆమెను వెనక రానివ్వను. ఆమె వంకలో పక్కకు నిలబడి, బండి పైకి చేరి ఇంజను ఆపేదాకా చూసి, అప్పుడు నడక మొదలుపెడుతుంది.