పూస గుచ్చినట్టు నేర్పాలి

ఏదైనా వివరంగా కావాలంటే "పూస గుచ్చినట్టు చెప్పు" అంటాం. ఆ మాటలో ఎంత ఓపిక దాగుందో పూసల అల్లిక నేర్పేవాళ్లకే తెలుస్తుంది. కొండాపూర్‌లోని మా అపార్ట్‌మెంటులో శనివారం మధ్యాహ్నాలు ఆరుగురికి నేను ఆ పని నేర్పుతున్నాను. "ఖాళీగానే ఉంటారుగా, మా పాపకీ కాస్త చూపించండి" అంటారు కొందరు. నెలకు అయిదువందలు, పూసలు మీవే అంటాను. ఇంత చిన్న పనికి డబ్బా అని మీరూ అనుకుంటున్నారా? అయితే కాస్త వినండి.

పూసలు మనకేం కొత్త కాదు. నల్లపూసల దారం తెగితే మా అమ్మ "తెగింది" అనేది కాదు, "పెరిగింది" అనేది. వెంటనే పళ్లెంలో పోసుకుని, దారానికి మైనం రాసి, గుచ్చుకుని మెడలో వేసుకున్నాకే మరో పని. తిరుపతి దగ్గర పాపానాయుడుపేటలో గాజును కొలిమిలో కరిగించి, సన్నని గొట్టంలా సాగదీసి, ముక్కలు కోసి పూసలు చేయడం తరతరాల వృత్తి. మన లంబాడీ ఆడవాళ్ల పూసలు, గవ్వలు, అద్దాల పనితనం సంగతి చెప్పనే అక్కర్లేదు.

అయితే నేను నేర్పేది ఉక్రెయిన్ దేశపు అల్లిక. సన్న పూసలతో వలలాగా అల్లి మెడకు పట్టీలా వేసుకునేదాన్ని వాళ్లు 'సిల్యాంక' అంటారు. రెండు పట్టీలు గుండెల మీద కలిసేలా పొడుగ్గా ఉంటే అది 'గెర్దాన్'. కార్పతియన్ కొండల్లో ఉండే హుత్సుల్ వాళ్లకు ఇది పండగ నగ.

అక్కడి నగ కొండాపూర్‌కి ఎలా వచ్చిందంటారా? మా పై అంతస్తు అమ్మాయి ఆ కొండల దాపున ఉన్న ఇవానో-ఫ్రాంకివ్‌స్క్‌లో మెడిసిన్ చదివేది. అద్దెకున్న ఇంటి పెద్దావిడ చలికాలం సాయంత్రాలు ఈ పని నేర్పింది. అమ్మాయికి వాళ్ల భాష అంతంతమాత్రం. ఆవిడకు మన భాష ఒక్క ముక్క రాదు. అయినా చదువు సాగింది. ఎలాగంటే, లెక్క తప్పితే ఆవిడ తన చేత్తో సరిచేసేది కాదట. తప్పిన చోట వేలు పెట్టి, పట్టీని తిరిగి అమ్మాయి చేతిలోనే పెట్టేదట. విప్పేదీ నువ్వే, అల్లేదీ నువ్వే.

2022 ఫిబ్రవరి 24న యుద్ధం మొదలైంది. మొదటిరోజే ఆ ఊరి విమానాశ్రయం మీద దాడి జరిగింది. అమ్మాయి రుమేనియా సరిహద్దు దాటి, ఆపరేషన్ గంగ విమానంలో మార్చిలో ఇల్లు చేరింది. ప్రాణం దక్కిందని అందరం సంతోషించాం. కానీ చదువు సగంలో, బ్యాంకు లోను నెత్తిమీద. రాత్రీ పగలూ ఫోనులో వార్తలు చూస్తూ గది దాటి వచ్చేది కాదు. ఒకే మెట్లెక్కి దిగే మాకే నల్లపూస అయిపోయింది.

ఒకరోజు నేనే వెళ్లి, "మాకు ఆ అల్లిక నేర్పమ్మా, నలుగురం ఉన్నాం, తలా అయిదువందలు ఇస్తాం" అన్నాను. "డబ్బులెందుకాంటీ" అంది. "నువ్వు కష్టపడి నేర్చుకున్న విద్య. ఊరికే తీసుకుంటే మేం రెండోవారం మానేస్తాం" అన్నాను. నెల తిరిగాక ఆ రెండువేలు చేతిలో పట్టుకుని, "ఇంటికొచ్చాక నేను ఒకళ్లకి పనికొచ్చింది ఇదే మొదటిసారి ఆంటీ" అంది. ఆ మాట విన్నాక వాళ్లమ్మ వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకుంది. రెండువేలతో లోను తీరదు. కానీ ఆ పిల్ల రోజూ కిందికి దిగడం మొదలుపెట్టింది.

ఆ సెప్టెంబరులో జాతీయ మెడికల్ కమిషన్ వేరే దేశపు కాలేజీలో చదువు పూర్తిచేసుకోవచ్చని ఒప్పుకుంది. అమ్మాయి జార్జియా వెళుతూ క్లాసు నాకప్పగించింది. చదువు ముగించి వచ్చి, ఇప్పుడు ఇక్కడి పరీక్షకు చదువుకుంటోంది.

మీకూ సరదాగా ఉంటే మొదలుపెట్టండి. సన్నవి, అన్నీ ఒకే సైజు పూసలు, తెలుపు, ఎరుపు తీసుకోండి. పళ్లెంలో పాత తువ్వాలు ముక్క పరిస్తే పూసలు దొర్లిపోవు. ముందు ఒక ఎర్రపూస, అయిదు తెల్లపూసలు, మళ్లీ ఎర్రపూస ఇలా మెడ కొలతకు గుచ్చి, ఎర్రపూసతో ముగించండి. తర్వాత వెనక్కి తిరిగి మూడు తెలుపు, ఒక ఎరుపు, మూడు తెలుపు ఎక్కించి, పై వరసలో పక్కనున్న ఎర్రపూసలోంచి సూది తీయండి. చిన్న తోరణంలా వేలాడుతుంది. చివరిదాకా అలాగే వెళ్లి, ఆఖరి తోరణం నడిమి ఎర్రపూస దాకా సూది వెనక్కి తెచ్చుకోండి. కింది వరస తోరణాలను ఈ నడిమి ఎర్రపూసలకే కలుపుతూ పోవాలి. ఆ వరసలో మూడుకు బదులు నాలుగేసి, దాని కింద అయిదేసి తెల్లపూసలు వేస్తే పట్టీ కిందికి వెడల్పై భుజాల మీద చక్కగా పరుచుకుంటుంది.

మొన్నామధ్య మా క్లాసులో పదో తరగతి పిల్ల అల్లిన పట్టీని ఫొటో తీసి, అమ్మాయి ఆ పెద్దావిడకు పంపింది. కరెంటు ఉండీ లేని ఊరు. రెండు రోజులకు జవాబొచ్చింది. మెచ్చుకోలు లేదు, పలకరింపు లేదు. ఫొటోలో మూడో వరస దగ్గర ఎర్రగా ఒక గీత గీసి ఉంది, అంతే. లెక్కపెట్టి చూస్తే అక్కడ ఒక పూస ఎక్కువ! ఆవిడ క్షేమంగా ఉందన్న కబురు మాకు ఆ గీతలోనే అందింది. ఆ పిల్ల నవ్వుతూ తనే కూర్చుని విప్పి అల్లింది.

మీ చేతిలో ఏ పనితనం ఉన్నా, అల్లికైనా, ముగ్గైనా, అప్పడాలు ఒత్తడమైనా, అడిగినవాళ్లకి నేర్పండి. వెలకట్టి నేర్పండి. వాళ్ల తప్పు వాళ్లచేతే దిద్దించండి. మీరు ఖాళీగా ఉన్నారని ఎవరైనా అంటే, వాళ్ల చేతికి సూదీ పది పూసలూ ఇచ్చి కూర్చోమనండి. ఏమంటారు?